వాన రాదని చెప్పిన గొంతు

శివరాత్రి వెళ్ళిన రెండో రోజు కాబోలు, మా అక్క మనవరాలు గుంటూరులో పొద్దున్నే బస్సెక్కి తాడేపల్లిలో మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే సంచీలోంచి ఒక బుల్లి మైకు తీసి నా చొక్కాకి తగిలించి, తన ఫోను నా ఎదురుగా బల్ల మీద నిలబెట్టి, ఇరవై నిమిషాలు ఏదో ఒకటి చదవండి తాతయ్యా, పేపరైనా సరే, ఆ ఇరవై నిమిషాలూ చాలు, ఇక మీరు నోరు తెరవక్కర్లేదు అంది. మా ఆవిడ వంటింట్లోంచి, "ముందు ఆ పని చెయ్యవే తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది," అంది.

ఆ పిల్ల పనిచేసేది రైతుల ఫోన్లకు రోజూ సాయంత్రం వాతావరణం సంగతులూ, పురుగూ తెగులూ కబుర్లూ గొంతుతో పంపే ఒక కంపెనీలో. ఇప్పుడు పంపుతున్న గొంతు ఎవరిదో ఆడపిల్లది, చక్కగానే ఉంటుందట గానీ మన పల్నాడు వైపు, ఒంగోలు వైపు పెద్దవాళ్ళు అది వినీ వినగానే కట్టేస్తున్నారట. ఒకాయన మాత్రం, వెనకటికి రేడియోలో ఒకాయన చెప్పేవాడమ్మా, ఆయన గొంతయితే వింటాను అన్నాడట. ఆ రేడియో ఆయన నేనే. ఈ సంగతి ఆ పిల్ల ఫోనులో చెప్పిన దగ్గర్నుంచీ నేను వారం రోజులు నేలమీద నడవలేదు. డెబ్బై నాలుగేళ్ళ వయసులో మిరియాలు నమిలి, బాత్‌రూములో తలుపేసుకుని, "వచ్చే ఇరవై నాలుగు గంటల్లో కోస్తా జిల్లాల్లో" అంటూ సాధన చేశాను. కింద ఫ్లాటు వాళ్ళొచ్చి ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అండీ అని అడిగిపోయారు కూడా.

అంత సంబరపడినవాణ్ణి, తీరా మైకు పెట్టాక పేపరు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఇందులోంచి కంప్యూటరు మీ గొంతు నేర్చుకుని, రోజూ ఏ కబురొస్తే ఆ కబురు అదే చదువుకుంటుంది తాతయ్యా, మీరు ఇంట్లో ఉండక్కర్లేదు, నిద్రపోతున్నా సరే, మీరు ఊరెళ్ళినా సరే అని ఆ పిల్ల నాకు విడమరిచి చెప్పింది. మీరు ఊరెళ్ళినా సరే అన్న ఆ ఒక్క మాట దగ్గర పేపరు మడిచి పక్కన పెట్టాను. నేను ఊరెళ్ళినప్పుడు నా గొంతు ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. ఒకసారి చేసింది. ఆ సంగతి మా నాన్న దగ్గర నేను దాచాను, దాచినట్టే ఆయన్ని సాగనంపాను. ఉండవే, కాసిని టీ తాగొస్తానని చెప్పి మైకు తీసి బల్ల మీద పెట్టి, టీ తాగకుండా వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి తిరగడం మొదలుపెట్టాను. కూర్చోలేకపోవడం నాకు కొత్తేం కాదు.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఇలాంటివాడొకడు ఉండేవాడు, అన్నం ముందు కూడా కుదురుగా కూర్చోనివాడు. మా ఊరు చిలకలూరిపేటకు లోపలగా ఎనిమిది మైళ్ళు, నల్లరేగడి భూములు, ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప. మా ఇంట్లో అక్క తర్వాత నేను. వీడి కాళ్ళకి చక్రాలు కట్టి కన్నానేమో అనేది అమ్మ. సొసైటీ గుమాస్తా ఉద్యోగం పదకొండు నెలలకే మానేశాను. దాచేపల్లి వైపు సున్నపురాయి గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు కింద రాతగాడిగా చేరి, ఆ దుమ్ము తలకెక్కి ఆరు నెలల్లో తిరిగొచ్చాను. అక్కడుండగానే క్వారీలో రాయి విరిగిపడి ఇద్దరు కూలీలు పోతే, ఆ సంగతి ఒక పత్రికకు కార్డు ముక్క మీద రాసి పంపాను. నాలుగు రోజులకు అది అచ్చయింది. నా మాట నాకంటే ముందు ఊళ్ళు తిరిగొచ్చిందన్న ఆ మత్తు ఇక వదల్లేదు.

అలా విలేకరినయ్యాను. అప్పటి విలేకరి పనంటే సగం రాత, సగం పరుగు. వార్త రాసి కవర్లో పెట్టి, కవరు మీద ఎర్ర సిరాతో 'ప్రెస్' అని రాసి, సాయంత్రం బస్సు బయల్దేరే లోపల డ్రైవరు చేతికివ్వాలి. పత్రికాఫీసున్న ఊరి బస్టాండులో వాళ్ళ మనిషి ఒకడు కాచుకుని ఉండి తీసుకుంటాడు. బస్సు దాటిపోతే ఆ వార్త చచ్చినట్టే. నేను సైకిలు మీద బస్సు వెనకాల మైళ్ళు తొక్కిన రోజులున్నాయి. ఒక డ్రైవరుకి నన్ను చూస్తే ఎంత జాలంటే, ఊరి చివర కల్వర్టు దగ్గర కావాలని బస్సు నెమ్మది చేసి కిటికీలోంచి చెయ్యి చాపేవాడు. ఆ పనిలో ఉన్నంతకాలం నేను తిన్న భోజనాల్లో సగం నిలబడి తిన్నవే.

రేడియోలోకి వెళ్ళడం మాత్రం పూర్తిగా నాన్న పుణ్యం. పాటకచేరీల దగ్గర మైకు దొరికితే వదలననీ, నా గొంతు పొలం ఆ చివరికి కూడా వినపడుతుందనీ ఆయనకు ఒక నమ్మకం. రైతుల కార్యక్రమానికి మాట్లాడేవాళ్ళు కావాలని ఎవరో చెబితే నాన్నే పంచె ఇస్త్రీ చేయించుకుని నన్ను వెంటబెట్టుకుని స్టేషనుకు తీసుకెళ్ళాడు. ఆడిషన్ గది బయట ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డ తీరు చూసి అక్కడి ప్యూను, పెద్దాయనా మీరు కూడా పాడతారా అని అడిగాడు. నాకు ఉద్యోగమని పేరే గానీ అది నెలకిన్ని రోజులని పిలిచే పని. అయినా నాన్న ఊళ్ళోకి రాగానే ట్రాన్సిస్టరు కొన్నాడు. తోలు సంచీ ఉన్నది, భుజాన వేలాడేసుకునేది. సాయంత్రం ఆరున్నరకు కల్లం దగ్గర కాపలా గుడిసె వాసానికి దాన్ని తగిలించి, చుట్టుపక్కల కల్లాల వాళ్ళందర్నీ కేకేసి పిలిచేవాడట, "రండ్రా, మావాడొస్తున్నాడు!" అని.

మిరప సంగతి తెలియని పిల్లలకోసం ఒక మాట చెప్పాలి. కోసిన పండు మిరపకాయను కల్లంలో పల్చగా ఆరబోసి పది పదిహేను రోజులు ఎండనిస్తారు. వాన తగిలిందా, కాయ మచ్చపడి తెల్లబడిపోతుంది, దాన్నే తాలు అంటారు, మార్కెట్ యార్డులో దాన్ని చేత్తో ముట్టుకోను కూడా ముట్టుకోరు. పోనీ రోజూ కుప్ప చేసి టార్పాలిన్ పట్ట కప్పేద్దామా అంటే, సగం ఎండిన కాయ లోపల ఉక్కపోసి రంగు చెడుతుంది. అందుకని వాన వస్తుందంటేనే కప్పుతారు, రాదంటే వదిలేస్తారు. వస్తుందా రాదా అన్న ఆ ఒక్క ముక్కకోసమే ఆ సాయంత్రం జనమంతా రేడియో చుట్టూ మూగేది, నేను మధ్యలో చెప్పే ఎరువుల పాఠాల కోసం కాదు. ఆ ముక్క చివర్న వచ్చేది. అప్పటిదాకా ఎవడైనా దగ్గితే నాన్న కసురుకునేవాడని అమ్మ చెప్పేది.

స్టేషనుకు సూచన పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి ఫోనులో వచ్చేది. మేం మధ్యాహ్నం వచ్చినదాన్ని సాయంత్రం అప్పటికప్పుడు చదవాలి. కార్యక్రమంలో మిగతావన్నీ ముందే టేపు మీద ఎక్కించుకోవచ్చు గానీ వాతావరణం మాత్రం మనిషి కూర్చుని చదవాల్సిందేనని మా పై అధికారి గోడ మీద రాసి పెట్టాడు కూడా. నేను మూడేళ్ళు ఆ నియమం తప్పలేదు. మూడేళ్ళంటే నా లెక్కన అప్పటికే చాలా ఎక్కువ. నా అరికాళ్ళు మళ్ళీ దురద పెట్టడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే ఒంగోలులో కొత్తగా పెట్టబోతున్న పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా తారీకు పొద్దున పదింటికి వచ్చి కలవమని. ఎవరికీ చెప్పలేదు. నాన్నకు అసలే చెప్పలేదు, రేడియో మానేస్తానంటే ఆయన ఏమైపోతాడోనని. ముందురోజు సాయంత్రం నాకు డ్యూటీ. మార్చుకుందామంటే మనిషి దొరకలేదు. ఏం చేశాననుకున్నారు? పొద్దున పదింటికే స్టూడియోలో కూర్చుని సాయంత్రం కార్యక్రమం మొత్తం టేపు మీద చదివేశాను. చివర్న పొద్దుటి సూచనే అందుకుని, రేపు సాయంత్రం దాకా ఆకాశం నిర్మలంగా ఉంటుంది, వాన పడే సూచనలు లేవు, రైతు సోదరులు మిరపకాయను నిశ్చింతగా ఆరబెట్టుకోవచ్చు అని చదివాను. ఆ నిశ్చింతగా అన్న మాట కాగితంలో లేదు. అది నా సొంతం. గొంతు బావుందని నలుగురూ అంటుంటే ఇలాంటివి అలవాటవుతాయి. టేపు డబ్బా మీద 'మార్పు లేదు' అని చీటీ అంటించి నా సంతకం పెట్టి, మిషను దగ్గర కుర్రాడికిచ్చి బస్సెక్కాను. మధ్యాహ్నం వేరే సూచన వస్తే చూసుకోమని ఎవరికైనా ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెబితే నేను వెళ్తున్నట్టు తెలిసిపోతుంది కదా, అందుకని చెప్పలేదు.

గుంటూరులో బస్సు దొరక్క ఆలస్యమై, చిలకలూరిపేట చేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. ఒంగోలు బస్సుకి ఇంకా టైముంది. పడమటి దిక్కున మబ్బు చూశాను. చూసి కూడా, ఆఁ, ఇదెక్కడ కురుస్తుందిలే అనుకున్నాను. బస్టాండు ఎదురుగా టీకొట్టులో రేడియో మోగుతోంది. అందులో నేను పచ్చిరొట్ట ఎరువుల గురించి మాట్లాడుతున్నాను. బయటి మనుషుల మధ్య నిలబడి నా గొంతు నేను వినడం అదే మొదటిసారి. సిగ్గులేకుండా చెబుతున్నాను, మొదట నాకు భలే ముచ్చటేసింది. అంతలో రేకుల మీద టపటపమని నాలుగు చినుకులు పడ్డాయి. జనం పరుగెత్తుకొచ్చి షెడ్డు కిందకి చేరారు. చినుకులు వానయ్యాయి. ఆ చప్పుడులోనే నా గొంతు హాయిగా, నవ్వుతున్నట్టుగా, ఆకాశం నిర్మలంగా ఉంటుంది అంది. షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. పక్కనున్న కండక్టరు తల తుడుచుకుంటూ, "విన్నారాండీ? రేడియోవాడు ఎండ కాస్తోందంటున్నాడు, వెళ్ళి ఆ ఎండలో నిలబడండి!" అన్నాడు. ఒక ముసలాయన మాత్రం నవ్వలేదు. "వాడి నోట్లో మన్నుపడ, మా కల్లంలో కాయుందిరా," అంటూ తువ్వాలు నెత్తిన వేసుకుని వానలోకే వెళ్ళిపోయాడు.

మా ఊరి బస్సు అదిగో, పది గజాల దూరంలో నిలబడి ఉంది. ఎక్కితే ముప్పావుగంటలో కల్లం దగ్గరుంటాను. ఒంగోలు బస్సు కూడా వచ్చింది. ఈ సంగతి ఇన్నేళ్ళలో మా ఆవిడకు కూడా సగమే చెప్పాను. రెండు బస్సుల మధ్యా నిలబడి, ఇక్కడ పడితే అక్కడ పడాలని ఏముందిలే, నాన్నకు ఆకాశం చూడటం నాకంటే బాగా తెలుసు కదా, ఆయన ఎప్పుడో కప్పేసి ఉంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఒంగోలు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని దారంతా వాననే చూశాను.

పొద్దున పదింటికి ఆ పత్రిక ఆఫీసులో బెంచీ మీద పది మందిమి ఉన్నాం. నా ముందు ఇద్దరే. నా వల్ల కాలేదు. లేస్తాను, కూర్చుంటాను, బయటికెళ్ళి ఆకాశం చూసొస్తాను. పక్కనాయన, ఏం బాబూ కడుపులో బాగాలేదా అన్నాడు. నా పేరు పిలవకముందే లేచి బస్టాండుకు పరుగెత్తాను. ఊరి అడ్డరోడ్డులో దిగి, బురద చెప్పుల్ని పీకేస్తుంటే వాటిని చేత్తో పట్టుకుని మా కల్లం దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. వాన తగ్గింది గానీ కల్లమంతా నీళ్ళు, ఆ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అమ్మ, ఇద్దరు కూలీ ఆడవాళ్ళు తడిసిన కాయను గంపలకెత్తి మెరక మీద పోస్తున్నారు. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క కాయా పైకెత్తి చూసి పక్కన పెడుతున్నాడు.

పక్క కల్లం సాయిబు బాబాయిది. నాన్నా ఆయనా చిన్నప్పట్నుంచి కలిసి పెరిగినవాళ్ళు, నేను బాబాయి అనే పిలిచేవాణ్ణి. ఆయన కాయ భద్రంగా ఉంది. సాయంత్రమే మోకాలు నొప్పెడుతోందని, వానొస్తుందని, అందరికీ చెప్పి మొత్తుకున్నాడట. అమ్మ కూడా కప్పుదామందట. నాన్న ట్రాన్సిస్టరు చూపించి, మావాడు నిశ్చింతగా ఉండమన్నాడు, వాడి మాట కాదని పట్ట కప్పితే కాయ ఉక్కపోస్తుంది అన్నాడట. నాన్న కప్పకపోవడం చూసి ఊళ్ళో సగంమంది కప్పలేదు. వాన దంచి కొట్టేసరికి బాబాయి తన పట్టల్లో రెండు లాక్కొచ్చి మా కాయ మీద వేశాడు. ఆ పట్టల కింద ఉన్న కాయే మాకు మిగిలింది. నన్ను చూసి ఆయన, "ఒరేయ్ అబ్బాయ్, నీ గొంతు మహ బాగుందిరా. కానీ నా మోకాలు నీకంటే ముందు చెప్పింది," అన్నాడు. ఎగతాళి చేసి నా మనసు తేలిక చేద్దామనుకున్నాడు పాపం. నాకు ఏడుపొచ్చింది.

నాన్న తలెత్తి నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది కూడా. ఆయన మామూలుగా, అన్నం తిన్నావా అని అడిగినట్టు అడిగాడు.

"ఏరా, నిన్న ఆ మాట చెప్పేటప్పటికి నువ్వున్నచోట మబ్బు పట్టలేదా?"

నేను ఉన్నచోట వానే పడుతోంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. "స్టూడియోకి కిటికీలుండవు నాన్నా, బయట ఏమవుతుందో మాకు తెలీదు, పై ఆఫీసు నుంచి ఏది వస్తే అది చదవడమే," అన్నాను. అన్ని మాటలూ నిజాలే. అన్నీ కలిపితే పచ్చి అబద్ధం. పొద్దున స్టేషను నుంచే తిన్నగా వస్తున్నానని కూడా చెప్పాను. నాన్న సరేలే అని తలూపి, మళ్ళీ కాయలు ఏరుకోవడంలో పడ్డాడు.

ఆ సాయంత్రం ఊళ్ళో టీకొట్టు దగ్గర నాన్నను నలుగురూ చుట్టుముట్టారు. నేను గోడ చాటున నిలబడి విన్నాను. "ఏంరా, మీవాడు మా కొంప ముంచాడు గదరా!" అని ఒకాయన గట్టిగా అరిచాడు. నాన్న అంతకంటే గట్టిగా, "మావాడి తప్పేంటిరా ఇందులో? పై ఆఫీసోళ్ళు తప్పు పంపితే వాడేం చేస్తాడు? ఉన్నది చదివాడు. వాడు అబద్ధమాడే మనిషి కాదు, నా చేతుల్లో పెరిగాడు," అన్నాడు. నాన్న అలా గొంతు పెంచి మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. మొహం చెల్లక మర్నాడు తెల్లారేసరికి ఊరు వదిలాను. అమ్మ ఉతికి ఆరేసిన చొక్కా తొడుక్కున్నప్పుడు జేబులో చెయ్యిపెడితే ఒంగోలు ఉత్తరం మడత మడతగానే ఉంది, పొడిగా ఉంది. హమ్మయ్య, ఎవరూ చూడలేదనుకున్నాను. ఉతికిన చొక్కా జేబులో కాగితం పొడిగా ఎలా ఉందని అప్పుడు నాకు తట్టలేదు. ఎన్ని వార్తలు రాసినవాణ్ణి, చూడండి నా తెలివి!

స్టేషనులో మధ్యాహ్నం వానొస్తుందన్న సూచన వచ్చిందని, ఆ కుర్రాడు నా చీటీ నమ్మి టేపు మార్చలేదని తెలిసింది. పై అధికారి నాకో మెమో ఇచ్చి, ఆ కాగితం మీద సంతకం పెట్టించుకుని వదిలేశాడు. ఆ తర్వాత నేను రేడియోలోనే పదకొండేళ్ళున్నాను. నా జీవితంలో ఒకచోట అంతకాలం ఉన్నది అక్కడే. ఒక్కరోజు కూడా టేపు మీద చదవలేదు. ఆరున్నరకు ముందు మేడ మెట్లెక్కి నాలుగు దిక్కులూ చూసొచ్చి మరీ మైకు ముందు కూర్చునేవాణ్ణి. మావాళ్ళు నవ్వేవాళ్ళు, ఆకాశానికి అటెండెన్సు వేసొచ్చావా అని. జ్వరంతో చదివాను, మా పెద్దాడు పుట్టిన సాయంత్రం కూడా చదివాకే ఆసుపత్రికి వెళ్ళాను. ఇలా చేస్తే ఆ ఒక్కరోజు చెరిగిపోతుందని ఆశ. ఊరికి వెళ్ళినప్పుడల్లా నాన్నకు ఈసారి చెప్పేయాలి అనుకునేవాణ్ణి. ఆయన నా కార్యక్రమం గురించే కబుర్లు మొదలుపెట్టేవాడు. వచ్చేసారి చెబుదాంలే అని లేచిపోయేవాణ్ణి. ఆ వచ్చేసారి రాకుండానే ఆయన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను రేడియో మానేశాను. మళ్ళీ పత్రికలు, కేబుల్ టీవీ, ఒక ఏడాది పొన్నూరులో ఎవరిదో వారపత్రిక. ఎక్కడా నిలవలేదు.

నాన్న పోయిన రెండేళ్ళకు ఒక మధ్యాహ్నం అమ్మ పంచలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేను ఎదురుగా కూర్చుని తుమ్ముతున్నాను. ఏదో మాట మీద మాటొచ్చి, నాన్నకు నీ ఒంగోలు సంగతి తెలుసురా అంది. చొక్కా తడిపేముందు జేబులో కాగితం తీసి, తనకు చదువు రాదు కనక నాన్నకిచ్చిందట. ఆయన చదివాడట. తారీకు చూశాడట. టీకొట్టు దగ్గరకు వెళ్ళింది ఆ తర్వాతేనట. రాత్రి మళ్ళీ మడిచి, చొక్కా ఆరాక జేబులో పెట్టమన్నాడట.

అమ్మ తల ఎత్తకుండా ఇంకొకటి కూడా చెప్పింది. ఆ ఏడు నుంచి నాన్న రోజూ ఆరున్నరకు అలాగే అందర్నీ పిలిచి నా గొంతు వినేవాడట. ఒక్కరోజు మానలేదట. విని, ట్రాన్సిస్టరు కట్టేసి, లేచి వెళ్ళి కాయంతా కుప్పచేసి పట్టలు కప్పేవాడట. వాన రాదని నేను చెప్పిన రోజున కూడా. ఆయన్ని చూసి పక్క కల్లాల వాళ్ళూ కప్పేవాళ్ళట. ఉక్కపోయకుండా మళ్ళీ తెల్లవారకముందే లేచి పట్టలు తీసి ఆరబోసేవాడట. నడుము విరిగే పని. సీజనంతా, ఆయన పోయే ఏడాది దాకా. ఎందుకయ్యా ఈ చాకిరీ అని సాయిబు బాబాయి అడిగితే నవ్వి ఊరుకునేవాడట.

ఆయన నన్ను ఇక నమ్మలేదు. అదే కదా దీని అర్థం అనుకున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా అలాగే అనుకుంటూ వచ్చాను. ఎవరైనా నా గొంతు బాగుందంటే నాకు లోపల పట్టల చప్పుడు వినిపించేది.

వరండాలో తిరిగి తిరిగి కాళ్ళు నొప్పెట్టాక లోపలికొచ్చి ఆ పిల్లకు ఇదంతా చెప్పాను. బుగ్గన చెయ్యి పెట్టుకుని బుద్ధిగా వింది. విని, "అది అప్పటి సంగతి తాతయ్యా. ఇప్పుడు మూడింటికి సూచన మారితే మూడూ ఒకటికి మీ గొంతు కూడా మారిపోతుంది. అదేమీ ఇంటర్వ్యూలకి వెళ్ళదు కదా," అంది. నా గాలి తీసేసింది. నిజమే మరి, ఆ రోజు నా బదులు ఆ మిషనుంటే మా ఊరి కాయ తడిసేది కాదు. అయినా వద్దులేవే అన్నాను. రేపు ఎక్కడైనా మాట తప్పితే, ఏరా, ఆ మాట చెప్పేటప్పుడు నువ్వెక్కడున్నావు అని ఎవరైనా అడిగితే, ఈసారైనా నా దగ్గర జవాబుండాలి కదా. పోనీ రోజూ సాయంత్రం నేనే మేడెక్కి చూసొచ్చి నీకు ఫోనులో చదువుతానంటే నవ్వింది. అన్ని ఊళ్ళకు, ఒక్కో ఊరికి ఒక్కో కబురు, మీ వల్ల ఎక్కడవుతుంది తాతయ్యా అంది. మా ఆవిడ పెట్టిన పచ్చడి డబ్బా పట్టుకుని, ఏమీ అనుకోకుండానే వెళ్ళింది. పోతూ పోతూ నా ఫోనులో ఆ కబుర్లు వచ్చేలా ఏదో నొక్కి పోయింది.

ఇది జరిగిన పది రోజులకు మా ఆవిడ ఏడాది కారం కోసం తెప్పించిన మిరపకాయలు డాబా మీద పాత దుప్పటి పరిచి ఆరబోసింది. మా ఇద్దరికీ ఎన్ని కాయలని, ఒక చేట అటో ఇటో. సాయంత్రం ఫోను మోగింది. ఆ ఆడపిల్ల గొంతే. చక్కని గొంతు, తప్పు పట్టడానికేం లేదు. వాన పడే అవకాశం లేదు అంది. నేను చివరిదాకా విన్నాను. విని, ఎందుకో కాళ్ళు ఆగక డాబా ఎక్కాను. కృష్ణ మీద ఆకాశం తెల్లగా ఉంది, ఎక్కడా మబ్బు తునక కూడా లేదు. అయినా వంగి, కాయంతా దగ్గరికి లాగి, దాని మీద మా ఆవిడ పాత చీర కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను. ఆ వంగినప్పుడు నడుములో కలుక్కుమంది, అలాగే చతికిలపడ్డాను. అప్పుడు, అక్కడ కూర్చుని, ఈ వయసుకి నాకు తట్టింది. నన్ను నమ్మనివాడైతే ఊరంతటినీ పిలిచి నా గొంతు ఎందుకు వినిపిస్తాడు? ఆయన కప్పింది కాయను కాదేమో. ఒకవేళ నా మాట మళ్ళీ తప్పినా, ఆ తప్పు వల్ల ఒక్క కాయ కూడా తడవకూడదని, ఇంకెవడూ నన్ను వేలెత్తి చూపకూడదని, నా మాట మీద రోజూ పట్ట కప్పుకుంటూ పోయాడేమో మా నాన్న.

ఇప్పుడు సూచనలు తప్పడం తగ్గింది, సంతోషమే. ఎప్పుడైనా తప్పినా ఎవరికీ తలవంపులు లేవు, గోడ చాటున నక్కి వినాల్సిన పనీ లేదు. ఆ ఫోనులో అమ్మాయిని అడగాలనిపించింది, నీ మాట తప్పితే లేచి వెళ్ళి కప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా తల్లీ అని. కబురు అప్పటికే అయిపోయింది. కింద నుంచి మా ఆవిడ, వాన రాదని చెప్పారు కదండీ, ఇంకా అక్కడేం చేస్తున్నారు అని కేకేసింది. వస్తున్నానన్నాను. లేచి, ఒక మూల చీర సరిగా లేదనిపించి, మళ్ళీ కూర్చుని సర్దాను.